హోమ్ గేమ్ నాకు దగ్గరైంది, మా అమ్మాయికి దూరమైంది

(కాన్సస్ సిటీ శివారు ఓవర్లాండ్ పార్క్‌లో తెలుగువాళ్ళం కలిసినప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

పోయినసారి భోజనాల దగ్గర, కాలేజీ ఫుట్‌బాల్ హోమ్ గేములు, అంటే జట్టు తన సొంత మైదానంలో ఆడేవి, కాలేజీ ఊళ్ళోనే జరగాలని నేను కాస్త గట్టిగా వాదించాను, అది విని ఇదే విషయం మీద అరగంట మాట్లాడమని కమిటీవాళ్ళు అడిగారు. ఫుట్‌బాల్ అంటే ఇక్కడి ఫుట్‌బాల్, చేత్తో విసిరేది. రూల్స్ తెలియనివాళ్ళు కంగారు పడకండి. ఎలా ఆడతారన్నది కాదు, ఎక్కడ ఆడాలన్నదే ఇవాళ్టి సంగతి.

మా అమ్మాయి లారెన్స్‌లో, కాన్సస్ యూనివర్సిటీలో చదువుతోంది. 2023లో చేరింది. మీలో చాలామంది పిల్లలు అక్కడే చదివారు కాబట్టి ఊరు మీకు కొత్త కాదు. 2024 సీజన్‌కి ముందు అక్కడి స్టేడియం చాలా భాగం పడగొట్టి కొత్తగా కట్టడం మొదలుపెట్టారు, ఆ సీజన్‌లో ఆరు హోమ్ గేములూ లారెన్స్ నుంచి కాన్సస్ సిటీకి తెచ్చేశారు. మొదటి రెండూ, రెండు రాష్ట్రాల మీద పరుచుకున్న ఈ ఊళ్ళో కాన్సస్ వైపున్న చిల్డ్రన్స్ మెర్సీ పార్క్‌లో, అది సాకర్ కోసం కట్టిన చిన్న స్టేడియం. మిగిలిన నాలుగూ, ప్రొఫెషనల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్.లోని చీఫ్స్ జట్టు ఆడే పెద్ద స్టేడియం యారోహెడ్‌లో. యారోహెడ్ మా ఇంటి నుంచి అరగంట లోపు. నాకు టిక్కెట్టు కొనడం, కారెక్కడం, దిగడం అంతే. మా అమ్మాయికేమో నలభై మైళ్ళకు పైగా ప్రయాణం, దానికి కారు లేదు. తన కాలేజీ హోమ్ గేమ్ చూడాలంటే కారున్న స్నేహితురాలిని బతిమాలుకోవాలి, లేదా నేను ఇక్కడి నుంచి లారెన్స్ వెళ్ళి, ఎక్కించుకుని, యారోహెడ్‌కి తీసుకెళ్ళి, మళ్ళీ రాత్రి హాస్టల్ దగ్గర దింపి ఇంటికి రావాలి. రెండుసార్లు అలాగే చేశాను. మూడోసారి "వద్దులే నాన్నా, నీకు శ్రమ, నేను టీవీలో చూస్తాను" అంది. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. పెద్ద ఊళ్ళో స్థిరపడిన నాలాంటివాళ్ళు సుఖంగా చూడాలని పెట్టిన చోటుకి, ఆ కాలేజీలో చదువుకుంటున్న పిల్ల రాలేకపోయింది.

కట్టడం కోసం ఒక్క ఏడాది కదా, అందులో తప్పేముంది అంటారు. ఆ ఒక్క ఏడాదిని నేను తప్పు పట్టడం లేదు. ఆ ఏడాదిలో నేను చూసింది చెప్తాను, ఎందుకంటే ఈ దేశంలో కాలేజీ గేముల్ని పెద్ద ఊళ్ళకి పట్టుకెళ్ళాలన్న ఆలోచన ఏదో ఒక రాష్ట్రంలో ప్రతి కొన్నేళ్ళకీ వస్తూనే ఉంటుంది, ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా లెక్క వేసేది సీట్లనీ టిక్కెట్లనీ మాత్రమే.

ముందు లారెన్స్‌లో గేమ్ అంటే ఏమిటో చెప్పాలి. అక్కడి మెమోరియల్ స్టేడియం 1921లో తెరిచారు, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆ యూనివర్సిటీ విద్యార్థుల జ్ఞాపకంగా. పైన కొండ, దాని మీద కాంపస్, కొండ అంచున రెండో ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళ కోసం 1951లో అంకితం చేసిన గంటల గోపురం, దాన్ని కాంపనైల్ అంటారు. కింద స్టేడియం. టిక్కెట్టు దొరకనివాళ్ళు, డబ్బు పెట్టలేనివాళ్ళు, చంటిపిల్లలున్నవాళ్ళు ఆ కొండ వాలు మీద దుప్పట్లు పరుచుకుని చూసేవాళ్ళు. చదువు అయిపోయిన రోజున పిల్లలు ఆ గోపురం కిందనుంచి నడిచి, అదే వాలు దిగి, అదే స్టేడియంలోకి వస్తారు. అంటే ఆ పిల్లలకి అది ఆటస్థలం మాత్రమే కాదు, చదువు పూర్తయిందని చెప్పే గడప కూడా.

2023 అక్టోబరు 28న ఓక్లహోమా యూనివర్సిటీ జట్టు లారెన్స్ వచ్చింది. దేశంలో ఆరో ర్యాంకు. చలి, వాన, వాతావరణం బాగాలేక మధ్యలో ఆట ఆపారు కూడా. కాన్సస్ 38-33తో గెలిచింది. 1997 తర్వాత ఓక్లహోమాని ఓడించడం అదే మొదటిసారి. గెలవగానే పిల్లలు మైదానంలోకి దూకి, గోల్‌పోస్టు పెరికి, భుజాల మీద మోసుకుంటూ వెళ్ళి పాటర్ లేక్‌లో పడేశారు. పాటర్ లేక్ అంటే కాంపస్‌లోనే, స్టేడియం పక్కనే ఉన్న చెరువు. ఆ ఊళ్ళో అది పాత ఆనవాయితీ. మా అమ్మాయి కాలేజీలో చేరి రెండు నెలలే. రాత్రి ఫోన్ చేసింది, బట్టలన్నీ తడిసిపోయి, గొంతు పోయి, ఏం చెప్తోందో సగం అర్థం కాలేదు. ఆ రోజు నుంచి అది ఆ ఊరి పిల్ల అయిపోయింది. తల్లిదండ్రులుగా మనం ఎన్ని చెప్పినా రాని చనువు ఆ ఒక్క సాయంత్రంలో వచ్చింది, నేను కళ్ళారా చూశాను.

ఇక 2024. ఆ జట్టులో డెవిన్ నీల్ అని ఒక అబ్బాయి, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్. పుట్టి పెరిగింది లారెన్స్‌లోనే, చదివింది లారెన్స్ హైస్కూల్లో. వేరే చోట్లకి వెళ్ళే అవకాశం ఉన్నా సొంత ఊరి యూనివర్సిటీలోనే చేరాడు. ఆ సీజన్‌లోనే కాన్సస్ చరిత్రలో అందరికంటే ఎక్కువ గజాలు పరిగెత్తినవాడయ్యాడు. అది అతని ఆఖరి ఏడాది. ఆ ఆఖరి ఏడాదిలో అతను సొంత ఊళ్ళో ఒక్క గేమ్ కూడా ఆడలేదు.

నవంబరులో ఆ జట్టు వరసగా మూడు ర్యాంకు జట్లని ఓడించింది. అయోవా స్టేట్‌ని 45-36తో యారోహెడ్‌లో, బి.వై.యు.ని, అంటే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీని, వాళ్ళ ఊళ్ళోనే, తర్వాత కొలరాడోని 37-21తో మళ్ళీ యారోహెడ్‌లో. కొలరాడో అంటే డియాన్ సాండర్స్ కోచ్‌గా ఉన్న జట్టు, దేశమంతా చూస్తున్న జట్టు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. డెవిన్ నీల్ 207 గజాలు పరిగెత్తాడు, నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. నా జీవితంలో చూసిన మంచి ఆటల్లో అది ఒకటి. కానీ మా సెక్షన్‌లో చూస్తే చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది కొలరాడో చొక్కాలతోనో, చీఫ్స్ చొక్కాలతోనో ఉన్నారు, పేరున్న ఆటగాళ్ళని చూడటానికి వచ్చినవాళ్ళు. మంచివాళ్ళే, చప్పట్లు కొట్టారు. ఆట అయిపోయాక అందరం ఆ పెద్ద పార్కింగ్ లాట్‌లోకి నడిచి, బ్రేక్ లైట్ల వరసలో కూర్చుని, హైవే ఎక్కాం. కొండ లేదు, చెరువు లేదు, నడిచి వెళ్ళడానికి లారెన్స్ నడిబొడ్డున ఉండే మసాచుసెట్స్ స్ట్రీట్ లేదు. ఆ ఊరి కుర్రాడు ఆఖరి ఏడాదిలో అంత గొప్పగా ఆడిన రోజున ఆ ఊరు నలభై మైళ్ళ అవతల టీవీ చూస్తోంది.

ఇంకో మాట. యారోహెడ్ ఉన్నది మిజోరీలో. మనకి ఈ రాష్ట్రాల గీతలు పెద్దగా పట్టవు, ఆఫీసు అటు, ఇల్లు ఇటు. లారెన్స్ వాళ్ళకి అలా కాదు. 1863లో, అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో, క్వాంట్రిల్ అనేవాడి ముఠా మిజోరీ వైపు నుంచి వచ్చి లారెన్స్‌ని తగలబెట్టింది, దాదాపు 150 మంది మగవాళ్ళని, కుర్రాళ్ళని చంపింది. కాన్సస్, మిజోరీ యూనివర్సిటీల ఆటకి బోర్డర్ వార్ అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. అలాంటి ఊరి జట్టుకి సొంతిల్లు మిజోరీలో అంటే పెద్దవాళ్ళు కొందరు మొహం చిట్లించారు. నాకది అర్థమవుతుంది.

అయితే ఆ బోర్డర్ వార్‌నే 2007లో యారోహెడ్‌లో పెట్టారు, కాగితం మీద అది కాన్సస్ హోమ్ గేమ్. కాన్సస్ రెండో ర్యాంకు, మిజోరీ మూడో ర్యాంకు, 80,537 మంది జనం. మిజోరీ 36-28తో గెలిచింది. ఆ గేమ్ గురించి ఇప్పటికీ ఇక్కడ చెప్పుకుంటారు. దాన్ని నేను తప్పనను. రెండు జట్లూ కారులో వచ్చేంత దూరంలో ఉన్నాయి, ఇద్దరికీ ఈ ఊళ్ళో బలగం ఉంది, మధ్యలో కలుసుకున్నారు.

మధ్యలో కలుసుకోవడం అంటే నా సొంత కథ ఒకటి చెప్పాలి. నేను మాస్టర్స్ చేసింది మేరీవిల్‌లో, నార్త్‌వెస్ట్ మిజోరీ స్టేట్ యూనివర్సిటీలో. ఇక్కడ చేతులెత్తండి ఎంతమంది నార్త్‌వెస్ట్ వాళ్ళో... చూశారా, సగం హాలు. ఉత్తర మిజోరీలో పదివేల చిల్లర జనం ఉన్న ఊరు, అందులో తెలుగు మాట వినపడని వీధి లేదు. ఆ కాలేజీ డివిజన్ టూలో, అంటే కాలేజీ ఆటల రెండో శ్రేణిలో, ఫుట్‌బాల్ ఆడుతుంది. మెల్ చర్డ్స్మా అనే కోచ్ 1994లో వచ్చాడు, మొదటి ఏడాది పదకొండు గేములూ ఓడిపోయాడు. 1998, 1999లో జాతీయ ఛాంపియన్. మొత్తం ఆరు టైటిళ్ళు ఆ కాలేజీకి. మనవాళ్ళకి కాలేజీ పేరు తెలుసు, ఫీజు తెలుసు, ఈ సంగతి మాత్రం అక్కడ చదివినవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

నార్త్‌వెస్ట్‌కి గట్టి ప్రత్యర్థి పిట్స్‌బర్గ్ స్టేట్, కాన్సస్ ఆగ్నేయ మూలలో. కాన్సస్ సిటీ సుమారుగా ఇద్దరి మధ్యలో. 2002 నుంచి ఈ రెండు కాలేజీలూ యారోహెడ్‌లో ఆడటం మొదలుపెట్టాయి, ఫాల్ క్లాసిక్ అని పేరు పెట్టారు. మొదటి ఏడాది 26 వేలకు పైగా జనం వచ్చారు. మేరీవిల్ స్టేడియంలో సీట్లు ఆరేడు వేలు. ఆ లెక్క చూస్తే ఎవరైనా భలే ఆలోచన అంటారు. ఇంటికి పిలిస్తే ఏడువేలు, ఊళ్ళోకి పిలిస్తే ఇరవై ఆరువేలు. ఆటగాళ్ళ వైపు నుంచి చూసినా, డివిజన్ టూ కుర్రాళ్ళు ఎన్.ఎఫ్.ఎల్. మైదానంలో ఆడటం అంటే జన్మలో ఒకసారి దొరికేది.

2006లో నేను అక్కడ విద్యార్థిని. మనందరి లాగే కాంపస్ ఉద్యోగం, వారానికి ఇరవై గంటలు, గేమ్ రోజుల్లో స్టేడియం దగ్గర తినుబండారాల కౌంటర్‌లో డ్యూటీ. హాట్ డాగ్ అమ్ముతూ ఆట నేర్చుకున్నాను, నా పక్కన పనిచేసే మేరీవిల్ కుర్రాడు ప్రతి ఆటకీ ఎందుకు విజిల్ వేశారో విడమరిచి చెప్పేవాడు. యారోహెడ్ గేమ్ వచ్చిన శనివారం నాకు డ్యూటీ లేదు. కారు లేదు, తొంభై మైళ్ళ పైన దూరం. ఊరంతా పొద్దున్నే ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని హైవే ఎక్కింది. మేం నలుగురం తెలుగు కుర్రాళ్ళం అపార్ట్‌మెంట్‌లో పప్పు వండుకుని రేడియో పెట్టుకున్నాం. బయటికొస్తే వీధిలో మనిషి లేడు. గేమ్ రోజుల్లో ఆ ఊళ్ళో కాఫీ దొరకాలంటే వరసలో నిలబడాలి, అలాంటిది ఆ రోజు కౌంటర్‌లో ఉన్నామె ఒక్కతే కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. చిన్న ఊరిలో హోటల్ నడిపేవాళ్ళకి, మోటెల్ నడిపేవాళ్ళకి ఏడాదిలో ఐదారు శనివారాలే పండగ. అందులో ఒకటి తీసేస్తే ఐదోవంతో ఆరోవంతో పోయినట్టే కదా.

అదే ఊళ్ళో హోమ్‌కమింగ్ రోజు, అంటే పూర్వ విద్యార్థులు తిరిగొచ్చే పండగ రోజు, చూడాలి. కాంపస్‌లో ఇంటర్నేషనల్ ప్లాజా అని ఉంది, అక్కడ చదివే పిల్లల దేశాల జెండాలన్నీ ఉంటాయి, హోమ్‌కమింగ్‌కి వాటిని ఎగరేసే కార్యక్రమం పెడతారు. మన జెండా కూడా అక్కడ ఎగురుతుంది. తర్వాత ఊళ్ళో పరేడ్, మధ్యాహ్నం గేమ్. ఇల్లు వదిలి వచ్చి మూడు నెలలైన కుర్రాడు తన దేశం జెండా చూసి, పరేడ్‌లో ముసలమ్మలు విసిరిన చాక్లెట్లు ఏరుకుని, జనంతో పాటు నడుచుకుంటూ స్టేడియంలోకి వెళ్ళిపోతాడు. నడుచుకుంటూ అన్నది గట్టిగా పట్టుకోండి. కారు లేనివాడికి నడక దూరంలో ఉన్నదే తన ఊరు.

ఫాల్ క్లాసిక్ చాలా ఏళ్ళు సాగింది, చివరికి మళ్ళీ కాంపస్‌లకే తిరిగి వెళ్ళింది. ఏడాదికి ఒక్క గేమ్, ఇద్దరికీ మధ్యలో, పెద్ద స్టేడియంలో ఆడామన్న సంతోషం. అంతవరకైతే నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఒప్పుకోలేనిది అమ్ముకోవడం. ఇండియానా యూనివర్సిటీ 2010లో పెన్ స్టేట్‌తో ఆడాల్సిన సొంత హోమ్ గేమ్‌ని మేరీలాండ్‌లో, వాషింగ్టన్ ఎన్.ఎఫ్.ఎల్. జట్టు స్టేడియంలో ఆడింది. వాళ్ళ కాంపస్ ఉన్న బ్లూమింగ్టన్ నుంచి అది ఆరువందల మైళ్ళ దూరం. దానికి వాళ్ళకి దక్కింది 30 లక్షల డాలర్లు. పెన్ స్టేట్ వాళ్ళకి ఆ ప్రాంతంలో పూర్వ విద్యార్థులు బోలెడంతమంది. స్టాండ్లలో ఎక్కువమంది వాళ్ళే. పేరుకి ఇండియానా హోమ్ గేమ్, కేకలన్నీ అవతలి జట్టుకి. పెన్ స్టేట్ 41-24తో గెలిచింది. ఇండియానా కుర్రాళ్ళు ఏడాదంతా కష్టపడి సంపాదించుకున్నది సొంత జనం ముందు ఆడే ఆరేడు రోజులు. అందులో ఒక రోజుని వాళ్ళని అడగకుండా అవతలివాళ్ళకి ఇచ్చేసినట్టయింది. డబ్బు అవసరం నిజమే, ఫుట్‌బాల్ డబ్బుతోనే ఈతగాళ్ళూ పరుగుపందెం వాళ్ళూ నడుస్తారు, అది నాకు తెలుసు. అయినా నాకు మింగుడు పడలేదు.

పెద్ద ఊరి జనం ఎప్పటికీ వస్తూనే ఉంటారా అంటే అదీ లేదు. సియాటిల్‌లో ఉన్న మన బంధువులని అడగండి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్నది పుల్‌మన్‌లో, రాష్ట్రం తూర్పు చివర, చుట్టూ గోధుమ పొలాల గుట్టలు. పూర్వ విద్యార్థులు ఎక్కువమంది ఉన్నది సియాటిల్ వైపు, కారులో నాలుగైదు గంటలు. 2002లో సియాటిల్ ఎన్.ఎఫ్.ఎల్. జట్టు సీహాక్స్ కొత్త స్టేడియం తెరవగానే ఏడాదికి ఒక హోమ్ గేమ్ అక్కడ ఆడదామని మొదలుపెట్టారు. మొదటిసారి 60 వేలకు పైగా వచ్చారు. 2014లో రట్గర్స్‌తో ఆడేసరికి సగం సీట్లు కూడా నిండలేదు. ఆ గేమ్ 41-38తో ఓడిపోయారు, ఆ తర్వాత ఆ పద్ధతి ఆపేశారు. పెద్ద ఊళ్ళో శనివారం నాడు చేయడానికి వంద పనులుంటాయి. పుల్‌మన్‌లో అదొక్కటే పని, అందుకే అక్కడ దాని విలువ వేరు. అదే కాలేజీ 1982లో యాపిల్ కప్‌ని, అంటే వాషింగ్టన్ యూనివర్సిటీతో తను ఆడే గేమ్‌ని, స్పోకేన్ నుంచి సొంత కాంపస్‌కి తెచ్చుకుంది. ఆ ఏడాదే ఐదో ర్యాంకులో ఉన్న వాషింగ్టన్‌ని 24-20తో ఓడించింది. సొంత మైదానం ఉంటే గెలుస్తారని నేను అనడం లేదు, కానీ ఆ గెలుపు పుల్‌మన్‌లో వచ్చింది కాబట్టే నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ ఊరు తలుచుకుంటోంది.

ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా నచ్చేది ఆబర్న్ కథ. అలబామా రాష్ట్రంలో ఆబర్న్, అలబామా జట్ల మధ్య గేమ్‌ని ఐరన్ బౌల్ అంటారు. 1948 నుంచి 1988 దాకా ప్రతి ఏడాదీ బర్మింగ్‌హామ్‌లోని లీజియన్ ఫీల్డ్‌లోనే ఆడారు. పేరుకి తటస్థ స్టేడియం, కానీ అలబామా జట్టు తన మిగతా పెద్ద గేములు కూడా అక్కడే ఆడేది, వాళ్ళ కాంపస్ ఉన్న టస్కలూసా అక్కడికి గంట దూరం. ఆబర్న్ వాళ్ళకి అది ఎప్పుడూ పరాయి ఇల్లే. ప్యాట్ డై అని ఆబర్న్ కోచ్, ఆటల విభాగం పెద్ద, అంటే అథ్లెటిక్ డైరెక్టర్ కూడా ఆయనే, మా వంతు వచ్చినప్పుడు మా ఊళ్ళో ఆడతాం అని పట్టుపట్టాడు. మీ ఊరు చిన్నది, అక్కడికి అలబామా ఎప్పటికీ రాదు అన్నారు. 1989 డిసెంబరు 2న వచ్చింది. ఒక్క గేమ్ కూడా ఓడిపోకుండా, రెండో ర్యాంకుతో వచ్చింది. ఆటగాళ్ళు స్టేడియంలోకి నడిచే దారిని అక్కడ టైగర్ వాక్ అంటారు, ఆ రోజు ఆ దారికి రెండు పక్కలా జనం కిక్కిరిసి నిలబడ్డారు. ఆబర్న్ 30-20తో గెలిచింది. 2000 నుంచి అలబామా కూడా తన వంతు ఐరన్ బౌల్‌ని టస్కలూసాకే తీసుకుపోయింది. లీజియన్ ఫీల్డ్ పై అంతస్తు భద్రంగా లేదని తేలి, దాన్ని తర్వాత తీసేశారు కూడా. ఇప్పుడు ఆబర్న్‌లో గానీ టస్కలూసాలో గానీ, ఆ గేమ్‌ని మళ్ళీ బర్మింగ్‌హామ్‌కి పంపుదాం అని ఎవరైనా అనగలరా?

ఇంతవరకూ విని, ఇతను కాంపస్ అంటే చాలు ఊగిపోతాడు అనుకోకండి. నా మాటకి అడ్డం తిరిగే కథ కూడా ఉంది, అది నాకు చెప్పినాయన నా పాత ఆఫీసులో సహోద్యోగి, డెబ్భైకి దగ్గర పడిన పెద్దాయన, అర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్ మనిషి.

అర్కన్సా యూనివర్సిటీ ఉన్నది ఫేయెట్‌విల్‌లో, రాష్ట్రం వాయవ్య మూల, కొండల్లో. లిటిల్ రాక్ రాజధాని, నడిమధ్యలో ఉంటుంది. రెండింటికీ దూరం దాదాపు 190 మైళ్ళు. 1948లో లిటిల్ రాక్‌లో వార్ మెమోరియల్ స్టేడియం కట్టారు. అప్పట్లో ఆ కొండ రోడ్ల మీద ఫేయెట్‌విల్ చేరడమే ఒక రోజు పని, అందుకే ప్రతి ఏడాదీ కొన్ని హోమ్ గేములు రాజధానిలో ఆడేవారు, పెద్దవి అక్కడే. దక్షిణాన పొలాల్లో పనిచేసేవాళ్ళూ, తూర్పున డెల్టా వాళ్ళూ తమ జట్టుని చూడగలిగింది అక్కడే. 2000 ప్రాంతంలో అథ్లెటిక్ డైరెక్టర్ ఫ్రాంక్ బ్రాయిల్స్ కాంపస్ స్టేడియాన్ని 72 వేల సీట్లకి పెంచే పని పెట్టుకుని, గేములు ఫేయెట్‌విల్‌కి తరలిద్దాం అన్నాడు. రాష్ట్రమంతా రెండుగా చీలి కొట్టుకుంది. ఏడాదికి రెండు లిటిల్ రాక్‌లో ఉంచారు, తర్వాత ఒకటయింది. ఎల్.ఎస్.యు., అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీతో గేమ్ 2014లో కాంపస్‌కి వెళ్ళిపోయింది. లిటిల్ రాక్‌లో 2018లో ఓల్ మిస్‌తో, అంటే మిసిసిపీ యూనివర్సిటీతో, 2019లో మిజోరీతో ఆడారు, ఆ తర్వాత కాన్ఫరెన్స్ గేములు, అంటే సొంత లీగ్ జట్లతో ఆడేవి, అక్కడికి రాలేదు.

మా పెద్దాయన 2002 నవంబరు 29న ఆ స్టేడియంలో ఉన్నారు. ఎల్.ఎస్.యు. మీద ఆఖరి తొమ్మిది సెకన్లు ఉండగా మాట్ జోన్స్ విసిరిన బంతిని డికోరీ బర్మింగ్‌హామ్ పట్టుకున్నాడు, అర్కన్సా 21-20. పక్క వీధి పేరు మార్కమ్ కాబట్టి దాన్ని మిరకిల్ ఆన్ మార్కమ్ అంటారు. ఆ రోజు ఆయన పక్కన కూర్చున్నది ఆయన తండ్రి. ఆ తండ్రే చిన్నప్పుడు ఇదే స్టేడియానికి ఆయన్ని భుజాల మీద తీసుకొచ్చేవారట. "ఫేయెట్‌విల్ వాళ్ళు ఇంటికి తెచ్చుకున్నామంటున్నారు, మా ఇల్లు తీసేశారని మేం అంటున్నాం" అన్నారు నాతో. నా దగ్గర జవాబు లేదు. యాభై ఏళ్ళు ఒక చోట ఆడితే, తాతలూ తండ్రులూ అక్కడికే వెళ్తే, ఆ చోటు కూడా ఇల్లే. నేను ఆబర్న్ కోసం చెప్పిన ప్రతి మాటా లిటిల్ రాక్‌కి కూడా వర్తిస్తుంది. 2025లో అర్కన్సా స్టేట్‌తో లిటిల్ రాక్‌లో ఆడారు, ఆ రెండు జట్లూ తలపడటం చరిత్రలో అదే మొదటిసారి. ఆ వార్త చూసి ఆయనకి ఫోన్ చేశాను. వెళ్ళారట, మనవడిని తీసుకుని.

కాబట్టి పెద్ద ఊరు చెడ్డది, చిన్న ఊరు మంచిది అని నేను గీత గీయడం లేదు. ఆ గేమ్‌ని చూడటానికి అలవాటుపడి, దాని చుట్టూ బతుకు కట్టుకున్నవాళ్ళు ఎవరో చూడండి. వాళ్ళలో కారు లేనివాళ్ళు, డబ్బు లేనివాళ్ళు, చదువుకుంటున్న పిల్లలు ఎంతమంది రాలేకపోతారో లెక్క కట్టి, అప్పుడు గేమ్ తరలించే కాగితం మీద సంతకం పెట్టండి. మనం సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర గంటలు గంటలు ఎందుకు నిలబడతాం? హైదరాబాద్‌లో అరిసెలు దొరకవా, ముగ్గులు వేసుకోలేమా? ఊరికి మనం వెళ్ళాలి కాబట్టి వెళ్తాం. మీరందరూ హైదరాబాద్‌లోనే ఉన్నారు కదా, ఈసారి జాతర అక్కడే పెడతాం అని ఊరివాళ్ళు అంటే, మనం ఒప్పుకోం కదా.

(సభలోంచి ఒకరు: మరి స్టేడియం కట్టుకునేటప్పుడు ఏం చేయమంటారు? ఇంకో దారి ఏముంది?)

మంచి ప్రశ్న. నార్త్‌వెస్టర్న్ ఏం చేసిందో చూడండి, షికాగో పక్కన ఎవాన్‌స్టన్‌లో. వాళ్ళ స్టేడియం కూడా 2024లో పడగొట్టి కట్టడం మొదలుపెట్టారు. షికాగోలో ఇన్ని స్టేడియాలు ఉండగా వాళ్ళు కాంపస్‌లోనే మిషిగన్ సరస్సు ఒడ్డున తాత్కాలిక స్టేడియం పెట్టుకున్నారు, పన్నెండు వేల సీట్లు. అంత పెద్ద కాన్ఫరెన్స్‌లో పన్నెండు వేలు అంటే చాలా తక్కువ. సరస్సు గాలికి బంతి ఎటో పోయేది. ఒహాయో స్టేట్, ఇల్లినాయ్ లాంటి గేములు మాత్రం రిగ్లీ ఫీల్డ్‌లో పెట్టారు. రిగ్లీ బేస్‌బాల్ మైదానం, అక్కడ ఫుట్‌బాల్ ఇరుకే. 2010లో అక్కడ ఆడినప్పుడు ఒక వైపు గోడ మరీ దగ్గరగా ఉందని రెండు జట్లనీ ఒకే వైపుకి ఆడించారు. మిగతా గేములకి పిల్లలు హాస్టల్ నుంచి నడిచి వెళ్ళారు. డబ్బు నష్టపోయి ఉంటారు. నాకైతే ఆ తెగువ నచ్చింది.

అన్ని ఊళ్ళకీ అది కుదరదు, లారెన్స్‌లో కుదిరేదో లేదో నేను చెప్పలేను. కుదరనప్పుడు ఊరు నుంచి బస్సులు పెట్టండి, విద్యార్థి టిక్కెట్టులోనే బస్సు కలపండి, రాత్రి తిరిగి దింపేదాకా బాధ్యత తీసుకోండి. కొత్త స్టేడియంలో మొదటి వరసలు పిల్లలకే ఇవ్వండి. యూనివర్సిటీలు మనలాంటి పూర్వ విద్యార్థులకీ తల్లిదండ్రులకీ ప్రశ్నల ఈమెయిల్స్ పంపుతుంటాయి, మీ ఊళ్ళో గేమ్ పెడితే వస్తారా అని. చూడకుండా డిలీట్ చేయకండి. కింద రాయడానికి ఖాళీ పెట్టె ఒకటి ఉంటుంది, అందులో రాయండి, మేమే అక్కడికి వస్తాం అని.

(మరొకరు: కొత్త స్టేడియం చూశారా?)

చూశాను. 2025 ఆగస్టు 23న తెరిచారు, ఫ్రెస్నో స్టేట్‌తో, 31-7తో గెలిచాం. పార్కింగ్ ఎక్కడో దూరంగా దొరికింది, ఎండలో చాలాసేపు నడిచాను, మా ఆవిడ మోకాలు నొప్పి అంది. మా అమ్మాయి కాంపనైల్ దగ్గర ఎదురొచ్చింది, హాస్టల్ నుంచి నడిచే వచ్చింది. "ఈసారి నువ్వే అలిసిపోయావా నాన్నా" అని నా చేతిలో బ్యాగు తీసుకుంది.